నూట పద్దెనిమిదో గోడ

ఏప్రిల్ 1

చిన్నోడా,

నిన్న సాయంత్రం ఐదు గంటల నాలుగు నిమిషాలకి దువ్వెన గుర్తు పార్టీ లెక్కల కాగితాలు నా కౌంటరు మీదికి వచ్చాయి. గడువు ఐదింటికి. "గడువు దాటి అందినది" అన్న ముద్ర వేసి, పక్కన టైము రాసి, సంతకం పెట్టాను. ఈ ఏడు వాళ్ళకి ప్రభుత్వ సాయం రాదు.

ఫోను చెయ్యకుండా ఉత్తరం ఎందుకంటే, ఫోనులో మనిద్దరం మూడు నిమిషాలు దాటితే నాన్న మందుల పాత గొడవ దగ్గరికి వెళ్ళిపోతాం. కాగితం మీదైతే నువ్వు మధ్యలో అడ్డుపడలేవు.

మా ఆఫీసులో ఏం చేస్తారని నువ్వు అడిగినప్పుడల్లా "ముద్రలు వేస్తారు" అని ఊరుకున్నాను. ఈసారి వివరంగా చెప్తాను. ఎన్నికల్లో వచ్చిన ఓట్లను బట్టి ఒక్కో పార్టీకి ఖజానా నుంచి ఏటా సాయం అందుతుంది. పార్టీలు డబ్బున్న వాళ్ళ గుమ్మాల్లో చేతులు కట్టుకుని నిలబడకూడదని పెట్టిన చట్టం. నా మటుకు నాకు అది మంచి చట్టమే. బదులుగా పార్టీలు చెయ్యాల్సింది ఒక్కటే. ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది అన్నది మార్చి 31 సాయంత్రం ఐదులోపు మాకు రాసివ్వాలి. ఇవ్వకపోతే ఆ ఏడు సాయం పోయినట్టే. జరిమానా కట్టి సర్దుకుందామంటే ఆ వీలు చట్టంలో లేదు. దువ్వెన వాళ్ళ ఆఫీసుల అద్దెలు, జీతాలు, జీపుల పెట్రోలు అన్నీ ఈ సాయం మీదే నడుస్తాయి.

వాళ్ళ లెక్కలాయన నాలుగున్నరకే వచ్చాడు. పేజీలకి నంబర్లు లేవు. నంబర్లు లేనిదే తీసుకోకూడదు, వేసుకు రమ్మన్నాను. వరండాలో బెంచీ మీద కూర్చుని మూడు వందల ఎనభై పేజీలకీ చేత్తో వేశాడు. మధ్యలో కట్ట ఒకటి జారి కింద పడింది. మళ్ళీ సర్దుకున్నాడు. నా ముందుకొచ్చేసరికి ఐదు దాటి నాలుగు నిమిషాలు.

నాన్న పడి పందొమ్మిదేళ్ళు, పోయి పదమూడేళ్ళు. పాత రికార్డుల గదిలో ఆ ఎన్నికల కాగితం దొరికిందని నీకు నాలుగేళ్ళ కిందటే చెప్పాను. "గోడరాతల ఖర్చు: లేదు." కింద అప్పటి కోశాధికారి సంతకం. ఆయనే ఇవాళ ఆ పార్టీకి పెద్దాయన. నూట పదిహేడు గోడలు రాసి, నూట పద్దెనిమిదో గోడ దగ్గర నిచ్చెన మీంచి పడ్డ మనిషి వాళ్ళ లెక్కలో లేడు. లెక్కలో లేని మనిషి పడినట్టు కాదు. పడని మనిషికి ఆస్పత్రి ఖర్చు ఎవరూ ఇవ్వక్కర్లేదు.

ఈ సంగతి నీలోనే ఉంచుకో. నా గదిలో కుళాయి ఇంకా కారుతూనే ఉంది. ఇంటాయన రేపంటాడు.

అక్క


ఏప్రిల్ 5

అక్కా! అక్కగారూ! ముద్రల మహారాణీ!

నీ ఉత్తరం షట్టరు సగం ఎత్తినప్పుడు వచ్చింది. మిగతా సగం ఎత్తడం మర్చిపోయి, వంగుని అక్కడే నిలబడి చదివాను. ఒక గిరాకీ వచ్చి నడుం పట్టేసిందా అని అడిగాడు.

అమ్మకి మూడుసార్లు చదివి వినిపించాను. పందొమ్మిదేళ్ళుగా ఆ పార్టీ పేరు నోటితో అనదు కదా, "వాళ్ళు" అంటుంది. విని, "అయితే వాళ్ళకి ఈ ఏడు జీతాలుండవా?" అంది. ఉండవన్నాను. ఇంకో రెండు ముద్దలు ఎక్కువ తింది. మందు అంటే అదీ.

మా షాపు ఎదురుగా వాళ్ళ టౌను ఆఫీసు ఉంది కదా. సంగతి నీ ఉత్తరం కన్నా ముందే తెలిసిపోయినట్టుంది, మొన్ననే ఏసీ కట్టేశారు. నిన్న జీపు కదల్లేదు. ఇవాళ కార్యదర్శి నడుచుకుంటూ వచ్చాడు. ఆరేళ్ళలో ఆయన నడవడం ఇదే చూడ్డం. బోర్డు రాస్తూ చూశానేమో, ఓ అక్షరం లావైపోయింది. గిరాకీ ఒప్పుకోలేదు, మళ్ళీ రాశాను. పోతే పోయింది.

నీలోనే ఉంచుకో అన్నావు. ఉంచుకున్నాను. టీ కొట్టు దగ్గర మాత్రం "మా అక్క చేతిలో పడ్డారు" అని ఒక్క మాట అన్నాను. నాన్న నడుం విరిగి మంచంలో ఆరేళ్ళున్నాడని ఊరందరికీ తెలుసు. అక్క సంగతి కూడా తెలియాలా వద్దా?

ఇక నిజం చెప్పు. చేత్తో నంబర్లు వేశాడంటున్నావు, కట్ట జారిందంటున్నావు. అన్నీ వాటంతట అవే అయిపోయాయా? నీ చెయ్యి ఎక్కడో పడే ఉంటుంది. చిన్నప్పుడు నా సైకిలు గాలి తీసి, వాకిట్లో కూర్చుని లెక్కలు చేసుకుంటున్నట్టు ముఖం పెట్టేదానివి. ఆ ముఖం నాకు ఈ ఉత్తరంలో కనిపిస్తోంది.

కుళాయికి వాచరు మార్చమను. ఇంటాయన మారడు.

నీ చెయ్యి పడిన ముద్రకి దండం పెడుతూ,
తమ్ముడు


ఏప్రిల్ 9

టీ కొట్టాయనకి చెప్పడం అంటే నీలో ఉంచుకోవడమా? నీకు నలభై దగ్గర పడుతున్నాయి. నోటికి ఒక మూత చేయించుకో.

సరే, అడిగావు కాబట్టి చెప్తాను. చదివి చించెయ్.

నా సొరుగులో నంబరింగ్ మిషను ఉంది. నొక్కినప్పుడల్లా అంకె తనంతట తనే తిరిగే ముద్ర. నాకు ముందు ఈ సీట్లో కూర్చున్నాయన వదిలి వెళ్ళాడు. ఆఫీసు సామాను జాబితాలో అది లేదు. నంబర్లు లేకుండా వచ్చిన వాళ్ళకి ఇస్తుంటాను, పది నిమిషాల్లో పనైపోతుంది. మార్చి నెల మొత్తంలో పదకొండు పార్టీలకి ఇచ్చాను.

ఆయన వచ్చినప్పుడు నాలుగూ ముప్పై ఒకటి. "అమ్మా, నంబర్లు వేసే మిషనేదైనా ఉంటుందా?" అని మర్యాదగానే అడిగాడు. సొరుగు మీద చెయ్యి వేశాను కూడా. వచ్చిన వాళ్ళ రిజిస్టరులో టైము రాయమని పుస్తకం అటు తిప్పాను. రాశాడు. తేదీ చివర సంవత్సరంలో ఏడు అంకె ఉంది, వాళ్ళ పార్టీ నమోదు నంబరులో ఇంకో రెండు ఏడులు ఉన్నాయి. ప్రతి ఏడుకీ నడుం మీద చిన్న అడ్డగీత. పక్కన "లేదు" అని ఒక గడిలో రాశాడు, మీ దగ్గర ఫోను ఉందా అన్న గడి. "దు" కొమ్ము కిందికి లాగి, కొక్కెంలా పైకి తిప్పుతాడు.

ఆ "లేదు" నాకు నాలుగేళ్ళుగా తెలుసు. రికార్డుల గదిలో ఎన్నిసార్లు తీసి చూశానో. సంతకం పెద్దాయనది, రాత ఈయనది.

సొరుగు మీంచి చెయ్యి తీసి, "లేదు" అన్నాను.

ఆయన బెంచీ మీద కూర్చుని వంచిన తల ఎత్తకుండా రాశాడు. నేను గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను. ముప్పై మూడు నిమిషాలు. ఈ పద్నాలుగేళ్ళ ఉద్యోగంలో నాకు అంత హాయిగా గడిచిన అరగంట ఇంకోటి లేదు. సిగ్గుపడాలేమో. చూస్తున్నాను, ఇంకా రావట్లేదు.

మిషను ఇవ్వాలని రూలు లేదు. కానీ ఉన్నదాన్ని లేదన్నాను. బయటికి వస్తే నా సీటు పోతుంది. అమ్మకి కూడా చెప్పకు.

అక్క


ఏప్రిల్ 14

అక్కా,

రెండు రోజులు నిద్ర పట్టలేదు, సంతోషంతోనే. ఆయన "లేదు" రాస్తే నువ్వు "లేదు" అన్నావు. ఇంకేం కావాలి!

అయితే నా వంతు ఏది? నువ్వు ఆఫీసులో కూర్చుని కొట్టావు, నేను ఇక్కడ వాళ్ళ ఏసీ చూసి నవ్వుకోవడమేనా? అందుకని మొన్న ఆదివారం పొద్దున్న పనిముట్లు తీశాను.

గోదాము గోడ ఎలా ఉందో నీకు గుర్తుండాలి. కోర్టు గొడవల్లో పడి ఆ గోదాముకి ఎవరూ సున్నం వెయ్యలేదు. నాన్న రాత అలాగే ఉంది. "ప్రజల సొమ్ముకు లెక్క చెబుతాం" అని రాయాలి. "ప్రజల సొమ్ముకు లెక్క" దాకా రాశాడు, అక్కడ పడ్డాడు. పక్కన దువ్వెన బొమ్మ, లెక్క ప్రకారం ఇరవై నాలుగు పళ్ళు. ఒక పన్ను తక్కువైతే వాళ్ళు మళ్ళీ గీయించేవాళ్ళు. కింద మెట్టు మీద రంగు కలుపుతూ నేనున్నాను. పదిహేడేళ్ళు నాకు. పడిన చప్పుడు ఇప్పటికీ వినిపిస్తుంది.

వెలిసిన అక్షరాలన్నిటికీ మళ్ళీ రంగు పట్టించాను. ఆ ఎరుపు ఇప్పుడు దొరకదు, ఇనుప గేట్లకి వేసే ఎర్ర రంగులో చిటికెడు నలుపు కలిపి సరిగ్గా తెచ్చాను. తరవాత నాన్న ఆపిన చోట మొదలుపెట్టి వాక్యం పూర్తి చేశాను. "ప్రజల సొమ్ముకు లెక్క లేదు." దువ్వెనకి మూడు పళ్ళు పీకేశాను.

పట్టపగలు, నిచ్చెన మీద, నలభై మంది చూస్తుండగా. పేపరు వాళ్ళొచ్చి ఫొటో తీశారు, జిల్లా పేజీలో వేశారు. అమ్మ దాన్ని మడిచి దిండు కింద పెట్టుకుంది.

మిషను సంగతి ఎవరికీ చెప్పలేదు. అమ్మకి తప్ప. అమ్మ మన పక్కింటావిడకి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆవిడ భర్త వాళ్ళ జీపు డ్రైవరన్న సంగతి అమ్మకి తరవాత గుర్తొచ్చింది.

తిట్టకు. తిట్టినా రంగు ఆరిపోయింది.

తమ్ముడు


ఏప్రిల్ 19

తిట్టను. తిట్లు సరిపోవు.

పదిహేడో తేదీన దువ్వెన వాళ్ళు అప్పీలు వేశారు. కౌంటరు గుమస్తా పగతో నంబరింగ్ మిషను దాచిపెట్టిందని రాశారు. ఆ నెలలో వచ్చిన పదకొండు పార్టీల కాగితాల మీద నీలం సిరాతో ఒకే మిషను నంబర్లున్నాయట, వీళ్ళవి మాత్రం చేతిరాతట. వాళ్ళ వకీలు కళ్ళున్న మనిషి. గుమస్తా తల్లి స్వయంగా ఈ మాట చెప్పిందని జీపు డ్రైవరు వాంగ్మూలం కూడా పెట్టారు. అమ్మకి నా నమస్కారాలు చెప్పు.

కానీ అదంతా ఒక ఎత్తు, గోడ ఒక్కటీ ఒక ఎత్తు. పందొమ్మిదేళ్ళుగా మన వైపు నిలబడ్డ సాక్షి ఆ గోడ ఒక్కటే. అప్పటి రంగు, అప్పటి సున్నం, సగంలో ఆగిన మాట. ఎప్పటికైనా ఎవరినైనా తీసుకెళ్ళి చూపించొచ్చనుకున్నాను. దాని మీద కొత్త రంగు పూసి నువ్వే నోరు మూశావు. ఇప్పుడెవరైనా చూస్తే, వారం కిందట సైన్‌బోర్డులవాడు రాసిన తిట్టులా ఉంటుంది. నిజంగా అదేగా.

నన్ను విచారణకి పిలుస్తారు. నాన్న గోడల లెక్క రాసుకునే పుస్తకం వెంటనే రిజిస్టరు పోస్టులో పంపు. కారణం తరవాత రాస్తాను, మా సూపరింటెండెంటు పక్కనే నిలబడి ఉన్నాడు.

అక్క


ఏప్రిల్ 24

అక్కకి,

పుస్తకం పంపను. ఎందుకో చదువు.

ఇరవై రెండో తేదీ మధ్యాహ్నం షాపులోకి ఒకాయన వచ్చాడు. బట్టతల, కళ్ళజోడు, చేతిలో సంచీ. బోర్డు రాయించుకునే గిరాకీ అనుకున్నాను. కూర్చోమన్నాను. ఆయన నా కుంచెల వైపు చూస్తూ, "మీ నాన్నగారు గీతలు కొట్టేటప్పుడు దారానికి సుద్ద రాసేవారు" అన్నాడు.

అప్పుడు గుర్తుపట్టాను. నువ్వు హాస్టల్లో ఉండేదానివి, నీకు తెలీదు. టేపాయన! నాన్న పెట్టిన పేరది. గోడ పూర్తవగానే టేపు పట్టుకుని వచ్చి పొడవు, ఎత్తు కొలిచి, నాన్న పుస్తకంలో ఎన్ని అడుగులో రాసి సంతకం పెట్టేవాడు. అడుగుల లెక్కన కూలి. గుండ్రటి డబ్బాలో ఉండే టేపు, లాగి వదిలితే చప్పుడుతో లోపలికి పోయేది. పార్టీ లెక్కలు ఇప్పటికీ తనే చూస్తున్నానన్నాడు. నీ బెంచీ మీద కూర్చుని నంబర్లు వేసినాయన ఈయనే.

"బాబూ, ఆ పుస్తకం ఇంకా ఉందా?" అన్నాడు.

"ఉంది. ఏం సార్?"

"పార్టీ తరఫున మీ నాన్నగారికి న్యాయం చెయ్యాలని పెద్దాయన అనుకుంటున్నారు. ఆస్పత్రి ఖర్చు, ఇన్నేళ్ళ వడ్డీ. పుస్తకం మాకిచ్చేస్తే..."

"పందొమ్మిదేళ్ళ తరవాత గుర్తొచ్చాడా సార్?"

"నేను కొలిచాను బాబూ. లేదని రాయమన్నది ఆయన. పిల్లలు చిన్నవాళ్ళు, రాశాను." మంచినీళ్ళు అడిగాడు. ఇచ్చాను. ఇచ్చాక ఎందుకిచ్చానా అనుకున్నాను.

"నూట పద్దెనిమిదో గోడ మీరు కొలవలేదు సార్. మనిషి పడ్డాడని తెలిసి అటు రాలేదు. రండి, ఇప్పుడు కొలుద్దాం, రెండు వీధుల అవతలే. టేపు తెచ్చారా?"

లేచి నిలబడ్డాడు. వెళ్తూ వెళ్తూ, "మీ అక్కగారు ఒప్పుకుంటారనే మా నమ్మకం, ఉద్యోగం ఉన్న మనిషి కదా" అన్నాడు.

ఇప్పుడు చెప్పక్కా. నువ్వు పుస్తకం అడిగిన వారంలోనే వాళ్ళూ పుస్తకం అడిగారు. కారణం నువ్వూ చెప్పలేదు, వాళ్ళూ చెప్పలేదు. నీ సీటు కాపాడుకోవడానికి నాన్నని వాళ్ళకి అప్పజెబుతున్నావా? అలా అయితే ముందే చెప్పు, అమ్మకి నేను చెప్పుకోగలను. ఆ పుస్తకం నాన్న మంచం కింద ఆరేళ్ళుంది. కిటికీలోంచి ఎదురుగోడ చూస్తూ, "ఆ 'ళ' చూడరా, కడుపునొప్పి వచ్చినట్టు మెలికలు తిరిగింది" అని వాళ్ళనీ వీళ్ళనీ తిట్టేవాడు కానీ, ఆ పుస్తకం మాత్రం ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు.

గోడ సంగతి. నోరు మూశానన్నావు. అక్షరాలకే రంగు వేశాను. నాన్న మూలని ముట్టుకోలేదు. కుడివైపు కింద గోడ నంబరు, తేదీ, సంవత్సరం ముందు రాసుకుని, ఆ తరవాతే గీతలు కొట్టేవాడు కదా. దాని మీద చెయ్యి వేసేంత వెధవని కాను.

ఉద్యోగం పోతుందనుకుంటే ఆ మిషనుని ఏ కాలవలోనో పారేసి "లేదు" అను. ఎవరు చూడొచ్చారు?

తమ్ముడు


ఏప్రిల్ 29

చిన్నోడా,

నేను నాన్నని అమ్ముతానని నువ్వు రాసిన ముక్క రెండుసార్లు చదివాను. దాని సంగతి విచారణ అయ్యాక మాట్లాడుకుందాం. ఫోనులో. మూడు నిమిషాలు దాటాకే.

ఇప్పుడు ఇది నెమ్మదిగా చదువు.

అప్పీలు కాగితాలు నిన్న నా చేతికిచ్చారు, సాక్షిని కాబట్టి. అందులో నాలుగో అనుబంధం నీ గోడ ఫొటో. మన కుటుంబానికి పార్టీ మీద ఎంత పగ ఉందో చూపించడానికి పేపరు ఆఫీసు నుంచి పెద్ద సైజులో కొని మరీ పెట్టారు. భూతద్దంతో చూశాను. కుడివైపు కింద, చెదరకుండా: 118. ఎన్నికలకి పదమూడు రోజుల ముందటి తేదీ. సంవత్సరం. ఇది మనం తెచ్చింది కాదు, వాళ్ళే తెచ్చి, ప్రతి పేజీ మీదా "నిజమైన నకలు" అని సంతకం పెట్టి ఇచ్చారు. మూలని ముట్టుకోనందుకు నీ మిగతా వెధవతనం మాఫీ. సగం.

ఆ నంబరు ఏమిటని ఎవరైనా అడిగితే జవాబు నాన్న పుస్తకంలో ఉంది. అందుకే అడిగాను. నూట పదిహేడు గోడలకి టేపాయన కొలతలు, ఆయన సంతకం ఉన్నాయని నీ ఉత్తరం చూశాకే నాకు తెలిసింది. నేనెప్పుడూ ఆ పుస్తకం తెరవలేదు. నాన్న అక్షరాలు చూడలేననుకున్నాను. నూట పదిహేడు గోడలు కొలిచిన చెయ్యే "గోడరాతల ఖర్చు: లేదు" అని రాసింది.

ఆ రాత నాది కాదంటాడేమో. అనలేడు. ఈ మార్చి 31న మా బెంచీ మీద కూర్చుని ఒకటి నుంచి మూడు వందల ఎనభై దాకా అంకెలు తన చేత్తో వేసి, కింద సంతకం పెట్టి ఇచ్చాడు. నేను ముద్ర వేసి భద్రపరిచాను. అడ్డగీత ఉన్న ఏడులు ఎన్నున్నాయో నేను లెక్కపెట్టలేదు, వాళ్ళ వకీలు లెక్కపెట్టుకోవచ్చు. నేను ఆ సాయంత్రం మిషను ఇచ్చి ఉంటే ఈ కాగితాల మీద ఆయన రాత ఉండేది కాదు.

ఇన్నేళ్ళు ఎందుకూరుకున్నావని అడుగుతావు. గుమస్తా ఫిర్యాదు పెట్టడానికి లేదు, మా సర్వీసు రూలు. ప్రమాణం చేసిన సాక్షి అయితే సంగతికి సంబంధించిన ఏ కాగితమైనా బల్ల మీద పెట్టొచ్చు. నన్ను సాక్షిగా పిలిచింది వాళ్ళే.

చట్టంలో ముప్పై ఒకటో సెక్షను. తప్పు లెక్క ఇచ్చారని ఎన్నేళ్ళకి తేలినా ఆ ఏడు పుచ్చుకున్న సాయం మొత్తం వెనక్కి కట్టాలి. రాబోయే మూడేళ్ళ సాయం ఆగిపోతుంది. సంతకం పెట్టిన మనిషి ఏ పార్టీలోనూ పదవిలో ఉండకూడదు. నాలుగు నిమిషాల ఆలస్యంతో నేను తీసింది ఒక్క ఏడాది సాయం. ఇది పెద్దాయన కుర్చీ.

మిషను కాలవలో వెయ్యమన్నావు. వెయ్యను. ఆ బోనులో మొదటి ప్రశ్న దాని గురించే వస్తుంది. "ఉంది, అడిగారు, లేదన్నాను" అని చెప్తాను. దాన్ని సొరుగులోంచి తీసి నేనే బల్ల మీద పెడతాను. సస్పెన్షను ఖాయమని సూపరింటెండెంటు ఇప్పుడే చెప్పాడు, పాపం ముఖం చూడలేక ఫైలు చూస్తూ చెప్పాడు. ఈ ఏడు సాయం వాళ్ళకి తిరిగి ఇచ్చినా ఇవ్వొచ్చు. ఇవ్వనీ. సాక్షి ఒక్క అబద్ధం ఆడితే రెండో మాట ఎవరూ వినరు. నాకు రెండో మాట కావాలి.

ఆయన మంచినీళ్ళు అడిగాడని రాశావు. ఇచ్చినందుకు నిన్నేమీ అనను. నేనైతే అవీ లేవనేదాన్ని.

విచారణ మే 12న. పుస్తకం పోస్టులో వద్దు, నువ్వే తీసుకురా.

అక్క


మే 4

అక్కా,

తప్పయింది. ఒక్కసారే రాస్తాను, మళ్ళీ రాయించకు.

పుస్తకం తీసి మొదటి నుంచి చివరి దాకా చూశాను. నూట పదిహేడు సంతకాలూ ఉన్నాయి. రైలు గేటు పక్క గోడ దగ్గర వానపడి సిరా అలుక్కుంది, మిగతావన్నీ శుభ్రంగా ఉన్నాయి. నువ్వు చెప్పిన ఏడులు కూడా చూశాను. ప్రతి దానికీ నడుం మీద అడ్డగీత. నూట పద్దెనిమిది దగ్గర నాన్న "గోదాము గోడ" అని రాసి, పొడవు, ఎత్తు గడులు ఖాళీగా వదిలాడు. నిన్న పొద్దున్న నేనే వెళ్ళి కొలిచాను. నలభై ఒకటి, పొడవు. తొమ్మిది, ఎత్తు. పుస్తకంలో రాయలేదులే, కంగారుపడకు. విడిగా చీటీ మీద రాసి జేబులో పెట్టుకున్నాను. ఆయన్ని అడుగుతారు కదా, ఆ గడి ఎందుకు ఖాళీగా ఉందని.

పుస్తకం కోసం నిన్న మళ్ళీ వచ్చారు. ఈసారి టేపాయన కాదు, వాళ్ళ కార్యదర్శి. మొత్తం రెట్టింపు చేశారట. "బేరం బాగానే ఉంది, పెద్దాయన్నే పంపండి, నిచ్చెన నేను పట్టుకుంటాను" అన్నాను. వెళ్ళిపోయాడు. అమ్మ లోపలి నుంచి వింది. పందొమ్మిదేళ్ళలో మొదటిసారి ఆ పార్టీ పేరు పెట్టి తిట్టింది. ఆ మాటలు కాగితం మీద రాస్తే పోస్టువాళ్ళు తీసుకోరు.

పన్నెండో తేదీకి షాపుకి తాళం. పదకొండున సాయంత్రం బస్సుకి సీటు తీసుకున్నాను. అమ్మ కూడా వస్తానంటోంది. మూడు గంటలు కూర్చోలేవంటే, "ఆరేళ్ళు మంచం పక్కన కూర్చున్నాను" అంది. రెండో సీటూ తీసుకున్నాను.

నీ ఉద్యోగం పోతే మా షాపుకి రా. నంబరు ప్లేట్లు రాద్దువుగాని. ఏడు అంకెకి అడ్డగీత పెట్టకు, అంతే.

తమ్ముడు


మే 8

చిన్నోడా,

ఇది నీకు బస్సెక్కే లోపు అందాలి.

బస్సు స్టాండు నుంచి మా ఆఫీసుకి నడిచే రావచ్చు, పది నిమిషాలు. గేటు దగ్గర ఫోను తీసుకుంటారు, సంచీ చూస్తారు. పుస్తకం సంచీలో పెట్టకు, చేతిలో పట్టుకో. ఎవరైనా అడిగితే "సాక్షి కాగితం" అను, నీ పేరూ టైమూ రిజిస్టరులో రాయి. అమ్మకి వరండాలో ఆ బెంచీ ఉంది. కాళ్ళు చాపుకోవచ్చు.

సొరుగు నిన్న ఖాళీ చేశాను. నంబరింగ్ మిషనుకి సిరా మెత్త మార్చి, తుడిచి, గుడ్డలో చుట్టాను. పని చేస్తోందో లేదో ఒక చిత్తు కాగితం మీద నొక్కి చూశాను. ఎక్కడ ఆగి ఉందో అక్కడి నుంచి అంకె కదిలింది. బాగానే ఉంది.

కుళాయికి వాచరు నేనే మార్చాను. ఇప్పుడు కారడం లేదు. సస్పెన్షనులో ఉన్నవాళ్ళకి అద్దె పెంచరనుకుంటాను.

విచారణ పట్టిక ఇవాళ నోటీసు బోర్డు మీద పెట్టారు. మే 12, రెండో నంబరు గది. ఉదయం పదిన్నరకి మొదటి సాక్షి, కౌంటరు గుమస్తా. పదకొండున్నరకి రెండో సాక్షి, పార్టీ లెక్కలాయన. వాళ్ళ వకీలు ఆయన్ని పిలవొద్దని అర్జీ పెట్టాడు, కొట్టేశారు. మధ్యాహ్నం రెండింటికి మూడో సాక్షి, పెద్దాయన.

అక్క